అధికార మెవ్వరిది?

యజ్ఞము చేయుట కెవ్వ రర్హులు, దాని ఫల మెవ్వరికి జెందును, అంగవైకల్యము గలవాని కందు చోటు గలదా యను విచారమునకు జైమిని మహర్షి తన మీమాంసాసూత్రములలో ఆఱవ యధ్యాయమును వినియోగించెను. ఆ తరువాత వేదాంతులు బ్రహ్మవిద్య కధికారి యెవడని ప్రశ్నించి, వివేకము, వైరాగ్యము, శమాదిషట్కము, ముముక్షుత్వము అను సాధనచతుష్టయమును నిర్ణయించిరి. ఈ విచారము లన్నియు ముగియునప్పటికి బుద్ధి చాలని మనుష్యుడు ద్వారము వెలుపలనే నిలిచిపోయినాడు. పందొమ్మిదేండ్లు వచ్చియు ముఖము కడుగుకొనుట, చొక్కాకు గుండీలు పెట్టుకొనుట, అన్నము కలుపుకొని తినుట తనంతట తాను చేయలేని కుమారునకు ఒక తల్లి ఆ పనులను ఓర్పుతో నేర్పుచున్నదనుకొందము. ఆమె చేయుచున్నది గృహకృత్యమా, ధర్మమా? గృహకృత్యమే యని సామాన్యముగా జెప్పుదురు. ఆమె కష్టమునకు జాలిపడుదురు. మఱియొక మాటలోనికి బోవుదురు. నేను దానిని ధర్మవిచారములో నడిబొడ్డున నున్న విషయముగా నెంచుచున్నాను. అన్నవరములో ప్రతిదినము జరుగు సత్యనారాయణవ్రతము నిందుకు సాక్షిగా బిలువదలచినాను.

తుని దాటి రాజమహేంద్రవరమువైపు వచ్చు రైలు అన్నవరము చేరునప్పుడు, పంపానదియు, దానికి పైగా రత్నగిరియు, గిరిపై నాలుగు చక్రముల రథాకారమున నిర్మితమైన శ్రీ వీరవెంకట సత్యనారాయణస్వామివారి యాలయమును కనబడును. స్వామి 1891లో వెలసినట్లు క్షేత్రచరిత్ర చెప్పుచున్నది. 2022 వరకు తూర్పుగోదావరి జిల్లాలో నుండి, నేడు కాకినాడ జిల్లాలో జేరిన యీ కొండకు, క్రొత్తగా పెండ్లియైన దంపతులు మొదలు మనుమలను వెంటబెట్టుకొని వచ్చు వృద్ధులవఱకు, వ్రతము చేసికొనుటకై వచ్చెదరు. వ్రతమంటపములో వరుసలు తీర్చి కూర్చుండిన ఆ దంపతులలో సంస్కృతము తెలిసినవారు బహుస్వల్పము. మంత్రార్థము తెలియదు, పూజాక్రమము జ్ఞాపకముండదు, ఆచమనమునకు చేతిని ఏ విధముగా బట్టవలెనో పదిమందిలో తొమ్మిదిమందికి సందేహమే. అయినను వ్రతపురోహితులు, "ఇప్పుడు ఉద్ధరిణెతో నీళ్ళు తీసుకోండి, అరచేతిలో వేసుకోండి, పళ్ళెంలో విడిచిపెట్టండి, ఇప్పుడు పూవు, ఇప్పుడు అక్షతలు" అని యొక్కొక్క యడుగునే చెప్పుచుండ, జనులు వినుచు, విననిచో ప్రక్కవాని చేతిని జూచుచు, ఆ క్రమమును నిర్విఘ్నముగా ముగించెదరు. వీరికి బుద్ధి చాలదనిగాని, వీరు చేసినది వ్రతము కాదనిగాని పలికినవా రెవ్వరును లేరు. చెప్పినవాడు పురోహితుడు, చేసినవాడు యజమానుడు, ఫలము యజమానునిది. తెలియనివానిచేత తెలిసినవాడు అడుగడుగునకు జెప్పి చేయించుట వలన, చేసినవాని కర్తృత్వ మేమియు దగ్గిపోదని యీ సంప్రదాయము నిశ్చయముగా నంగీకరించినది.

మేధోవైకల్యము గల యువకులకు నిత్యకృత్యములు నేర్పు స్పెషల్ టీచర్లు అనుసరించు పద్ధతి యిదియే. నోటితో జెప్పుట, చెప్పిన దర్థము కానిచో వ్రేలితో జూపుట, చూపినది చాలనిచో తాము చేసి కనబరచుట, అదియు జాలనిచో చేతిమీద చేయి వేసి చేయించుట. పిదప ఆ సాయమును వచ్చిన త్రోవనే క్రమముగా వెనుకకు దీసికొనుట. మనోవికాసనగరమని పేరొందిన సికిందరాబాదు ప్రాంగణమున 1984లో నెలకొల్పబడిన జాతీయసంస్థ తినుట, పండ్లు తోముకొనుట, స్నానము చేయుట, బట్టలు కట్టుకొనుట మున్నగు పనులను చిన్నచిన్న మెట్లుగా విడదీసి తల్లిదండ్రులకొఱకై పుస్తకములు ప్రచురించినది. మద్రాసులోని విజయ్ హ్యూమన్ సర్వీసెస్ వారు రూపొందించిన పట్టికలో పదునెనిమిది విభాగములు, విభాగమున కిరువది చొప్పున మొత్తము 360 అంశములు గలవు. ఏ యువకుడైన నం దెక్కడ నిలిచియున్నాడో కనుగొని, ఆ మెట్టునకు పై మెట్టును మాత్రమే నేర్పుదురు. మన తెలుగునాట డాక్టర్ ఠాకూర్ వి. హరిప్రసాద్ 1968లో హైదరాబాదున స్థాపించిన సంస్థయు, కాకినాడలోని ఉమా మనోవికాస కేంద్రమును ఈ పనిలో నున్నవి. మండలకేంద్రములలో నిట్టి బిడ్డలకొఱకు నడచు భవిత కేంద్రములకు వారిని దీసికొనిపోవు తల్లులను మీరు చూచియే యుందురు. కాని చట్టము హామీయిచ్చిన యుచితవిద్య ఆఱవయేటినుండి పదునెనిమిదవయేటివఱకే. పదునెనిమిది నిండిననాడు బడి చేయి విడుచును. ఆ పైన నేర్పవలసినవారు ఇంటివారే.

గుండీ పెట్టుకొనుట యెట్లు నేర్పుదురో కొంచెము వివరముగా జెప్పవలసియున్నది. ఏలయన నీ పనిలోని తత్త్వ మంతయు నా చిన్న కార్యమున నిమిడియున్నది. మొదట చొక్కాను టీచరే తొడుగును. గుండీలన్నియు దానే పెట్టి, కట్టకడపటి గుండీని కాజాలో సగము దూర్చి, ఆ సగమును యువకునిచేత లాగించును. అంతియే ఆనాటి పాఠము. లాగినవాడు అద్దములో దన్ను జూచుకొని, చొక్కా తొడుగుకొనుట పూర్తియైనదని, పూర్తిచేసినది తన చేయియే యని గ్రహించును. ఆ యొక్క గుండీ నిలకడగా వచ్చిన తరువాత దాని పై గుండీ, ఆ తరువాత దాని పైది. ఈ విధముగా పని చివరనుండి మొదటికి నడచును. మొదటి మెట్టునుండియే ఎందుకు నేర్పరాదని యడుగవచ్చును. మొదటినుండి నేర్పినచో ప్రతిదినమును వాడు నడుమ నోడిపోవును, ముగించువా రితరులగుదురు. చివరినుండి నేర్పినచో ప్రతిదినమును ముగించువాడు తానే యగును. ఈ యుపాయమును మొదట గనిపెట్టినవారు మనుష్యుని యభిమానమును బాగుగా నెఱిగినవారు.

వ్రతమంటపములో నొక తల్లిని జూచితిని. ప్రక్కన భర్త, ఈ ప్రక్క ఎదిగిన కొడుకు, మీసము వచ్చినవాడు. పుష్పపూజ వచ్చినప్పుడు వాడు పిడికెడు పూలను ఒక్కమారుగా వేయబోయెను. ఆమె చేతినుండి పూలు లాగికొనలేదు. మణికట్టుమీద రెండు వ్రేళ్ళు మాత్ర మానించినది. పిడికిలి సడలి ఒక్క పూవు పడినది. మఱల వ్రేళ్ళు, మఱల నొక పూవు. తక్కినవారు ధూపమునకు వచ్చునప్పటికి వాడింకను నాలుగవ పూవునందే యున్నాడు. పురోహితుడుగారు వానివంక జూచి, ఆగి, అటుపిమ్మట ముందునకు సాగినారు. వ్రతము ముగిసి ప్రసాదపు పొట్లము చేతి కిచ్చినప్పుడు, గోధుమనూక, నేయి కలిసిన యా వేడికి ఆకు జిడ్డెక్కి జారుచుండ, వాడు దానిని రెండుచేతుల బట్టి విప్పుటకు చాలసేపు పట్టినది. ఆమె విప్పి పెట్టలేదు. ఆత్రపడి సాయమునకు వంగిన నన్ను వారించి, "ఈడి పనులు ఈడు చేసుకుంటే పదిమంది దగ్గరుంచుకుంటారండీ. మేం పోయాక ఈడిని ఎవరు చూత్తారు?" అన్నది. ఇట్టి బిడ్డలు గల ఏ యింటికి బోయినను వినవచ్చు ప్రశ్న యిదియే. దీనికి వైకల్యమును ధ్రువపఱచు సదరం సర్టిఫికెట్టుగాని నెలనెలా వచ్చు పింఛనుగాని పూర్తి సమాధానము కాజాలదు.

ఇక షోడశోపచారములను జూడుడు. ఆవాహనము చేసి స్వామికి ఆసన మిచ్చుచున్నాము. పాదములు కడుగుటకు పాద్యము, చేతులు కడుగుటకు అర్ఘ్యము, నోరు పుక్కిలించుటకు ఆచమనీయము, ఆపైన స్నానము, వస్త్రము, గంధము, పుష్పము, నైవేద్యము, తాంబూలము సమర్పించుచున్నాము. సర్వలోకవ్యాపకుడైన పరమాత్మను మనము సేవించు క్రమ మంతయు కూర్చుండుట, కాలుసేతులు కడుగుకొనుట, నోరు శుభ్రపఱచుకొనుట, స్నానము, బట్ట, భోజనము అను నిత్యకృత్యముల క్రమమే. మన పూర్వులు దైవమునకు సేవ యేదియని యాలోచించి, ఇంతకంటె నున్నతమైనది దొరకక, ఒక దినమున నొక మనుష్యుని దేహమునకు గావలసిన పనులనే వరుసగా బేర్చిరి. విగ్రహమునకు స్నానము చేయించుట పూజయై, ఒక యువకునకు స్నానము నేర్పుట పూజ కాకపోవుట యెట్లు? ఇది భావావేశమున జెప్పు మాట కాదు. శౌచము లేనిదే యే కర్మకును ఆరంభము లేదని శాస్త్రము శాసించినప్పుడు, ఆ శౌచమును నేర్పువాడు కర్మద్వారమును దెఱచువా డగుచున్నాడు. పంపానదిలో మునిగి కొండ యెక్కువారికి స్నానమెట్టి యధికారము నిచ్చుచున్నదో, తన చెంబుతో తాను నీళ్ళు పోసికొనుట నేర్చిన యువకునకును అదే స్నానము అదే యధికారము నిచ్చును.

మన ధర్మశాస్త్రముల విషయమున నిక్కడ సత్యము దాచరాదు. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున జాత్యంధ బధిరులతోబాటు ఉన్మత్తులను, జడులను దాయభాగమునుండి తొలగించినది. అయితే దాని మఱుసటి శ్లోకముననే అట్టివారికి యావజ్జీవము అన్నవస్త్రము లొసగవలెననియు, ఒసగనివాడు పతితుడగుననియు గట్టిగా శాసించినది. ఒక చేత ఆస్తి తీసికొని వేఱొక చేత కూడు గుడ్డ పెట్టిన యీ యేర్పాటు ఇరువదవ శతాబ్దమువఱకు మన కుటుంబములను నడపినది. 1928నాటి చట్టము తక్కిన వైకల్యములు గలవారి దాయహక్కునకు గల యడ్డంకులను దొలగించియు, పుట్టుకతో చిత్తవైకల్యము గలవారిని, బుద్ధిహీనులను మాత్రము వెలుపలనే యుంచెను. 1956నాటి హిందూ వారసత్వ చట్టము వచ్చినదాక వారికి ఆ ద్వారము తెఱవబడలేదు. పెట్టువాడు ధర్మాత్ముడు, తినువాడు దయాపాత్రుడు అను పాతభావమున లోపమెక్కడ నున్నదనగా, తినువానికి చేతులున్నవను సంగతిని అది గమనింపలేదు. ముద్ద కలిపి నోట బెట్టుట ఋణము తీర్చుటయే. ముద్ద కలుపుట నేర్పుట వానిని ఋణము తీర్చగలవానిగా జేయుట. ఈ రెంటిలో నేది యధికధర్మమో శాస్త్రజ్ఞులు నేడు మఱల విచారించవలెనని నా విన్నపము.

పూర్వజన్మకర్మ యను మాట ఇట్టి బిడ్డను గన్న తల్లి చెవినబడని దినముండదు. కర్మసిద్ధాంతమును నమ్మువాడను గనుకనే చెప్పుచున్నాను: ఆ సిద్ధాంతము తన నడవడిని తాను దిద్దుకొనుటకై చెప్పబడినదే కాని, పొరుగింటివాని బిడ్డను జూచి తీర్పు చెప్పుటకై కాదు. ఆ బిడ్డ ప్రారబ్ధ మేమో నీకు దెలియదు. వానిని జూచి నీవు పలికిన మాట నీకు ఆగామియగుచున్నదని మాత్రము శాస్త్రము నిస్సందేహముగా జెప్పుచున్నది. తల్లిదండ్రులను ఓదార్చగోరువారు మఱికొందఱు భాగవతములోని జడభరతుని కథను దెత్తురు. రహూగణుడను రాజు పల్లకి మోసిన యా జడుడు మహాజ్ఞాని గదా, మీ వానిలో నేమి దాగియున్నదో యెవ్వ రెఱుగుదురని వారి ధోరణి. వారి మనస్సు మంచిదే. కాని యీ యోదార్పు నాకు రుచింపదు. జడభరతుడు జడుడు కాడు, జడత్వమును నటించినవాడు. రహూగణుడు వాని ప్రసంగమును విని, జ్ఞానియని తెలిసికొన్న పిదపనే పాదములపై బడెను. ఆ బోయీ నిజముగా జడుడే యైయున్నచో రాజు వానిని దండింతునని గద్దించుట న్యాయమయ్యెడిదా? కథ నుపయోగించువా రీ ప్రశ్నకు సమాధానము చెప్పక తప్పదు. లోపల జ్ఞానము దాగియున్నదని ఋజువైనప్పుడే మర్యాద చేయుదుమనుట మర్యాద కాదు, జ్ఞానపూజ మాత్రమే. లోపల నేమియు దాగియుండక, కనబడుచున్నదే సర్వస్వమైయున్న మనుష్యునకును ఆ మర్యాద చెల్లవలెను.

కనబడుచున్నది యల్పమని తలచుటయు పొరపాటే. ఫ్రాన్సుదేశమున 1800 ప్రాంతమున అడవిలో దొరకిన విక్టర్ అను బాలునకు ఇటార్డ్ అను యువవైద్యుడు అయిదేండ్లపాటు విద్య గఱపెను. మాటలు నేర్పవలెనని యాయన పట్టుదల; బాలునకు మాటలు రాలేదు; వైద్యుడు నిరాశపడెను. అయితే వానిని బెంచిన గెరాన్ అను గృహిణి యింట భోజనపుబల్లపై పళ్ళెములు సర్దుట వాడు నేర్చుకొన్నాడు. ఆమె భర్త మరణించిన తరువాత నొకనాడు వా డలవాటు చొప్పున నాయన పళ్ళెమును గూడ దెచ్చి పెట్టెను. అది చూచి యామె దుఃఖము పొంగి యేడ్చెను. తన పనివలననే యామె కీ బాధ కలిగినదని గ్రహించిన యా బాలుడు ఆ పళ్ళెమును దీసి బీరువాలో బెట్టెను. మఱి యెన్నడును దానిని బల్లమీద నుంచలేదు. వైద్యుడే స్వయముగా దన నివేదికలో వ్రాసిన సంగతి యిది. పళ్ళెము పెట్టుట నేర్వనివానికి పళ్ళెము తీయవలసిన సమయము వచ్చియుండదు. నిత్యకృత్యము నేర్చినందుననే ఆ బాలుని కారుణ్యము బయటికి వచ్చుటకు మార్గ మేర్పడెను. వాక్కు లేనిచో హృదయమును దెలుపుటకు మనుష్యునకు మిగులునవి పనులే గదా.

ప్రపత్తిని గూర్చి వైష్ణవాచార్యులలో నొక ప్రసిద్ధవివాదము గలదు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొనవలెను. పిల్లిపిల్లను తల్లియే నోట గఱచికొని పోవును. జీవుడు భగవంతునియెడ నే పిల్లవలె నుండవలెనని వారు వాదించిరి. ఇట్టి బిడ్డల తల్లులలో ననేకులు పిల్లితల్లులై బ్రతుకు వెళ్ళబుచ్చుచున్నారు. ముప్పదియేండ్ల కొడుకునకు దలదువ్వి, అన్నము కలిపి, చెప్పులు తొడిగి, అది ప్రేమయని నమ్ముచున్నారు. అది ప్రేమయే, సందేహము లేదు. కాని పిల్లియు దన పిల్లకు కన్నులు తెఱచి కాళ్ళు నిలిచినదాక మాత్రమే దానిని మోయునని ఆ వాద మెఱిగినవారు సైతము తఱచు మఱచెదరు. ఎప్పుడు వదలవలెనో తెలియుటయే నేర్పువాని విద్య యంతయు. త్వరగా వదలినచో బిడ్డ పడును. ఆలస్యముగా వదలినచో వాని చేయి ఎప్పటికిని తనదిగా నుండదు.

వ్రతకథ చివర వచ్చు తుంగధ్వజ మహారాజు వృత్తాంతము అన్నవరము వెళ్ళినవా రందఱు విన్నదే. అడవిలో మఱ్ఱిచెట్టుక్రింద గొల్లలు వ్రతము చేసి ప్రసాదము దెచ్చి యెదుట బెట్టగా, రాజు గర్వమున దానిని స్వీకరింపక పోయెను. తత్ఫలముగా సర్వమును గోల్పోయి, తిరిగివచ్చి వారిచేతి ప్రసాదము తిన్న తరువాతనే కోల్పోయినదానిని బొందెను. ఈ కథలో గొల్లలకు వ్రతాధికారము గలదా యను చర్చయే లేదు. అది యున్నట్లే కథ నడచును. పరీక్షకు నిలిచినవాడు రాజు. మేధోవైకల్యము గలవారి విషయమునను మన చర్చ యెప్పుడును వారు నేర్వగలరా లేదా యనుటయందే తిరుగుచుండును. వారు నేర్చి మనకిచ్చినదానిని మనము పుచ్చుకొనగలమా యను ప్రశ్న రానేరాదు. అతిథి వచ్చినప్పుడు మంచినీళ్ళ గ్లాసు తెచ్చిన యువతి చేతినుండి, నీళ్ళు కొంచెము తొణికినవని, తల్లి చొరవగా గ్లాసు లాగికొని తాను ఇచ్చుట యెన్ని యిండ్లలో జరుగుటలేదు? ఎవ్వరును పుచ్చుకొనని నీళ్ళు తెచ్చుట ఆమె ఎన్నాళ్ళు నేర్చుకొనును?

ఆడపిల్లలను గూర్చి వేఱుగ నొక మాట చెప్పక తప్పదు. సంకోచముచేత మన పత్రికలు దీనిని దాటవేయుచుండును. నెలసరి వచ్చినప్పుడు ప్యాడు మార్చుకొనుట, దానిని కాగితమున జుట్టి పాఱవేయుట, తలుపు వేసికొని బట్టలు మార్చుకొనుట, ఎవ్వరు తాకవచ్చును, ఎవ్వరు తాకరాదు, తాకినచో "వద్దు" అని గట్టిగా నఱచి అమ్మతో జెప్పుట: ఇవి గుండీకంటె ముఖ్యమైన పాఠములు. జీవితమంతయు నితరులు తన దేహమును కడుగుచు, తుడుచుచు, త్రిప్పుచు నుండగా బెరిగిన బాలికకు ఏ చేయి మంచిదో యేది కాదో తెలిసికొను నవకాశ మెక్కడిది? తన స్నానము తాను చేసికొన నేర్చిన బాలిక తన దేహమునకు తాను యజమానురా లని యెఱుగును. శీలరక్షణమును గూర్చి దీర్ఘోపన్యాసము లిచ్చు పెద్దలు ఈ పాఠము నేర్పు టీచరునకు మొదట నమస్కరింపవలెను.

నేర్పుట యెంత చేసినను నేర్వలేనివారును గలరు. కూర్చుండుటయే కష్టమైనవారు, మ్రింగుటకును సాయము గావలసినవారు. అధికారము నేర్పునుబట్టి వచ్చునని నేను వాదించినచో వారిని ఆఱవ యధ్యాయమువారికంటె క్రూరముగా నేనే వెలివేసినవాడ నగుదును. నా వాద మది కాదు. కర్తృత్వము పనిలో నెంతభాగము చేసితిమను కొలతవలన వచ్చునది కాదు. పని తన సమ్మతితో, తన యెఱుకతో జరిగినదా యనుటవలన వచ్చును. వ్రతములో మంత్రమొక్కటియు బలుకనివానికిని సంకల్పము తనదే. గ్లాసు పెదవుల కానించుటకు ముందు "నీళ్ళు తాగుతావా?" అని యడిగి, కనురెప్పయో తలయో కదలువఱకు నాగు సేవకురాలు ఆ యువకుని కర్తగానే నిలుపుచున్నది. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము సంరక్షకత్వమును పరిమిత మొనర్చి, సంరక్షకుడును వైకల్యము గలవాడును పరస్పరవిశ్వాసముతో గలిసి నిర్ణయించుకొనవలెనని విధించినప్పుడు, తెలిసియో తెలియకయో ఈ ధర్మమునే చట్టభాషలో బెట్టినది.

"మేం పోయాక" అను ప్రశ్నకు నాకు దోచినంతలో నొక్క పని చెప్పెదను. ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు ఒక నోటుపుస్తకము దెచ్చి, చదువురానివారు చదువువచ్చిన బంధువుచేత వ్రాయించి, బిడ్డ దినచర్యను మెట్లు మెట్లుగా నెక్కింపవలెను. తమ్ముడైనను, మఱదలైనను, ఆశ్రమములోని పనివాడైనను, తరువాత జూచువా రెవ్వరైనను ఆ పుస్తకమును జదివి నడచుకొనవలెను. మొదటి పుటలలో వ్రాయవలసినది వ్యాధిపేరు కాదు, మందుల జాబితా కాదు. వాడు తానే చేసికొను పనులు, వాటిలో నెవ్వరును చేయి పెట్టరాదను హెచ్చరిక. రెండవభాగమున, మాట చెప్పిన జాలునవి. మూడవభాగమున, చేయి పట్టవలసినవి, ఏ చేయి, ఎంతవఱకు. నాల్గవభాగమున, వద్దనుటకు వాడు చేయు సంజ్ఞలు, ఇష్టమైనప్పుడు ముఖము పెట్టు తీరు, నీళ్ళు వేడిగా నుండవలెనో గోరువెచ్చగానో, చీకటిలో నేది యుండిన భయపడునో. మందులును, సర్టిఫికెట్టును, బ్యాంకుపుస్తకమును చిట్టచివర. ఏడాది కొకసారి, పుట్టినరోజునో వ్రతము చేసికొన్ననాడో, ఆ పుస్తకమును దిరుగవ్రాసి, మూడవభాగములోని పనులలో నేవి రెండవదానికి, రెండవదానిలో నేవి మొదటిదానికి వచ్చినవో వాని యెదుటనే చదివి వినిపించి మార్చవలెను.